ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వేట

నా గొంతు బొంగురు. చిన్నప్పటి నుంచీ అంతే. అంగన్‌వాడీ సెంటరు అరుగు మీద నిలబడి "పిల్లలూ, అన్నం!" అని ఒక్క కేక వేస్తే వాగు అవతల మేసే మేకలు కూడా తలెత్తి చూసేవి. అందుకే రిటైరయ్యాక మా కొత్త టీచరమ్మ వచ్చి, కొత్తగా చేరిన ఆయాలకు పనికొచ్చేది ఏదైనా చెప్పమని అడిగితే, రాయడం నీ వంతు, అరవడం నా వంతు అన్నాను. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి అక్షరాలకూ నాకూ పెద్ద పరిచయం లేదు.

కాబట్టి కొత్త ఆయాలూ, వినండి. ఎసరు ఎంత పోయాలో, గుడ్లు పగలకుండా ఎట్లా ఉడకబెట్టాలో మీకు ట్రైనింగులో చెబుతారు. నేను చెప్పేది, ఒక గుంపు గుంపు మొత్తానికి నేను జమానతు, అంటే పూచీ, నిలబడిన సంగతి. నిలబడ్డాక నా నౌకరీ పోయిందనుకున్న సంగతి. ఆఖరికి గెలిచిన సంగతి కూడా. గెలిచానని ముందే చెబుతున్నాను, మధ్యలో భయపడి లేచి పోకండి.

మా ఊరు జూలూరుపాడు దాటాక, పత్తి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నేను ఆ ఊరి దాన్ని కాదు. బొగ్గుబావుల దగ్గర పుట్టి పెరిగాను. నా పెనిమిటి బావిలో కాంట్రాక్టు పనికి పోయేవాడు. ఒక రోజు పొద్దున దిగినవాడు మళ్లీ ఎక్కి రాలేదు. ఆయన పోయాక ఒక రేకు పెట్టె పట్టుకుని, కూలి దొరుకుతుందని ఈ ఊరికి వచ్చాను. కూలి దొరికింది గానీ కిరాయికి గది దొరకలేదు. ఒంటరి ఆడది, ఎవరి మనిషో, ఎట్లాంటిదో, ఎవరికి తెలుసు అన్నారు. వాళ్లు అన్నది తప్పని కూడా నేను అనలేను. నిజంగానే ఎవరికీ తెలియదు.

చర్చిలో ఒక్క ఆదివారం చూసిన మొహం నాది. ఆ ఒక్క ఆదివారానికే పాస్టరమ్మ, అంటే పాస్టరు గారి భార్య, నా పెట్టె పట్టుకుని వీధి మధ్యలో నిలబడి, "ఈమెకు నా జమానతు. ఈమె ఏం చేసినా నన్ను అడగండ్రి" అంది. సాయంత్రానికి గది దొరికింది. కొన్నేళ్లకు ఆ ఊళ్లోనే ఆయా పోస్టు పడితే నాకు వచ్చింది. ఇదంతా ఆ ఒక్క మాట మీద లేచిన బతుకు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

వాగు దాటి కొంచెం లోపలికి పోతే గొత్తికోయ ఆదివాసీల గుంపు ఉంటుంది. గుంపంటే కొన్ని తడికెల గుడిసెలు, చుట్టూ కంచె. వాళ్లు ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి, చర్ల అడవుల మీదుగా నడిచి వచ్చినవాళ్లు. అక్కడ ఒక రోజు పోలీసులు వచ్చి అడవిలోని అన్నలకు అన్నం ఎందుకు పెట్టారని కొట్టేవారట. ఇంకో రోజు ఆ అన్నలు వచ్చి పోలీసులకు దారి ఎందుకు చూపించారని కొట్టేవారట. ఆ ఇద్దరి మధ్యా ఇళ్లు కాలిపోయాక ఇటు నడిచారు. మొదట మా వైపు మిరపకాయలు ఏరడానికి వచ్చారు. సీజను అయిపోయినా వెనక్కి పోలేదు.

వాళ్ల పిల్లలను నేనే చంకనేసుకుని, చెయ్యి పట్టుకుని, వాగు దాటించి సెంటరుకు తెచ్చేదాన్ని. అప్పటి టీచరమ్మకూ నాకూ రోజూ ఇదే లొల్లి.

"అక్కా, ఆధార్ లేని పిల్లలను తెచ్చి నా నెత్తి మీద పెడుతవేంది? ఆన్‌లైన్ల ఎక్కనోళ్లకు గుడ్లు ఎక్కడికెళ్లి తేవాలె?"

"ఆన్‌లైన్ల ఎక్కకపోతే ఆకలి గాదా టీచరమ్మా?"

"నీతోటి నాకు గాదు" అంటూనే కుండలో ఇంకో గ్లాసు బియ్యం పోసేది. ఎంత తిట్టేదో అంత పోసేది. నా సర్వీసులో అంత మంచి కోపిష్టి మనిషిని ఇంకొకరిని చూడలేదు.

ఆ ఏడు ఎండాకాలం చివర, మా ఊరి రోడ్డు మీది కల్వర్టుకు ఎర్ర అక్షరాల వాల్‌పోస్టరు అంటించి ఉంది. అడవిలోని అన్నల పేరు మీద. ఎవరు అంటించారో ఈ రోజుకూ తెలియదు. కానీ ఆ రోజు పొద్దున టీ తాగేసరికే ఊరందరికీ తెలిసిపోయింది. ఇంకెవరు, ఆ గుంపోళ్లే! టీవీలో కూడా అవే రోజుల్లో అదే వాదన నడుస్తుండేది. సరిహద్దు దాటి వచ్చేవాళ్లలో దెబ్బలు తిని వచ్చినవాడెవడు, దెబ్బ తీయడానికి వచ్చినవాడెవడు, ఎట్లా వేరు చేయాలి అని కోట్లు వేసుకున్నవాళ్లు అరుచుకునేవాళ్లు. మా ఊళ్లో కోట్లు లేవు గానీ అరుపులు అవే.

పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. ఎస్సై గారు వచ్చారు. కొత్తగా వచ్చిన కుర్రవాడు, మీసం కూడా ఇంకా పూర్తిగా కుదరలేదు.

"మిరపకాయ ఏరనీకి వచ్చిండ్రు, ఏరిండ్రు. పోవాలె గదా, ఎందుకున్నరు?" అని ఒక రైతు లేచాడు.

"పోతే యాడికి పోతరు? ఇండ్లు కాలిపోయినయంట" అన్నారెవరో.

"కాలిపోంగ నువ్వు చూసినవా?"

"నువ్వు పోస్టరు అంటియ్యంగ చూసినవా?"

అప్పుడు ఫర్టిలైజర్ షాపాయన లేచి నిలబడ్డాడు. అందరూ మాట ఆపారు. ఆయన మాట్లాడితే వినాలి, ఎందుకంటే చాలా ఏళ్ల కింద ఆయన అన్నను ఇన్‌ఫార్మర్ అని చెప్పి దళం వాళ్లు అడవిలోకి తీసుకుపోయారు. ఇప్పుడు పోస్టరు అంటించిన ఆ కల్వర్టు మీదే మర్నాడు శవం దొరికింది. ఆయన అన్న ఎవరికీ ఏ కబురూ చెప్పిన మనిషి కాదని ఊరందరికీ తెలుసు.

"నాకు వాళ్ల మీద పగ లేదు" అన్నాడు. చేతిలో షాపు తాళాలు ఉన్నాయి, అవి చిన్నగా చప్పుడవుతున్నాయి. "ఎవడు ఎవడో తెలవాలె, గంతే. ఆ గుడిసెలల్ల అందరూ మంచోళ్లే ఉండొచ్చు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తుపాకి పట్టినోడు ఉంటే? రేపు నా కొడుకును తీస్కపోతే నాకు ఎవరు జవాబు చెప్తరు?"

 

ఎస్సై గారు మైకు అందుకున్నాడు. "వెరిఫికేషన్ చేస్తం. సోమవారం నాడు వస్త. గుంపుల ఉన్న ప్రతి మొగోడు కండ్ల ముందట ఉండాలె. ఫొటో తీస్తం, వేలిముద్ర తీసుకుంటం. లేనోడు దళంల ఉన్నట్టే లెక్క. ఒక్కడు తేడా వచ్చినా, వానలు పడకముందే గుడిసెలు తీసేసి అందరినీ సరిహద్దు దాటిస్తం." కొంచెం ఆగాడు. "ఊర్లె ఎవరన్న వీళ్లకు జమానతు నిలబడేటోళ్లు ఉన్నరా?"

లోపల ఆఫీసులో ఫ్యాను తిరిగే చప్పుడు బయటికి వినిపించింది. పోయిన సీజనులో వాళ్లతో మిరపకాయలు ఏరించుకున్న రైతులు అక్కడే కూర్చున్నారు. ఏరించుకునేటప్పుడు ఎవరూ ఆధార్ అడగలేదు. ఇప్పుడు అందరూ చెప్పులు చూసుకుంటున్నారు.

నేను లేచాననుకున్నాను, కానీ ముందు నా గొంతు లేచింది.

"నేను నిలబడ్త సారూ!"

"నువ్వెవరమ్మా?"

"అంగన్‌వాడీ ఆయాను."

"వాళ్లు నీకు ఎట్ల తెలుసు?"

"వాళ్ల పిల్లల ముడ్లు కడిగిన సారూ. ఇంతకంటే ఎట్ల తెలవాలె?"

మీటింగు మొత్తం నవ్వింది. షాపాయన నవ్వలేదు. ఎస్సై గారు కూడా నవ్వు ఆపుకుని, "నవ్వులాట గాదమ్మా. తేడా వస్తే నీ నౌకరీ పోతది. స్టేషన్ల కూసోవాల్సొస్తది" అన్నాడు.

"కూసుంట సారూ. కుర్చీ ఎయ్యుండ్రి, నాకు మోకాళ్ల నొప్పులున్నయి."

మీటింగు నుంచి వచ్చే దారిలో టీచరమ్మ నన్ను తిట్టని తిట్టు తిట్టింది. "నీ జీతం మీద నువ్వు బతుకుతున్నవు. గుంపులో ఎవడెవడున్నడో నీకు నిజంగ తెలుసా?" అంది. తెలియదన్నాను. పాస్టరమ్మకు కూడా నేనెవరో తెలియదు కదా అన్నాను. ఆమె నడక వేగం పెంచింది. తర్వాత "రేపు పప్పుల ఉప్పు తక్కువేసినవ్ సూడు" అంది. మొన్న తక్కువైంది, రేపటిది ఇంకా వండనే లేదు. మనసు చెదిరినప్పుడు టీచరమ్మ మాటలు అట్లాగే వచ్చేవి.

గుంపుకు పోయి కబురు చెప్పాను. అక్కడ తెలుగు వచ్చింది ఒక్కతే, పెళ్లికాని పిల్ల. మిరప తోటల్లో నేర్చుకుంది. ఆమె తెలుగులో సగం మేస్త్రీ తిట్లు, అవి తిట్లని ఆమెకు తెలియదు. నన్ను ఎంతో ప్రేమగా "రావే మొద్దూ, కూసో" అనేది. ఆ పిల్ల అందరికీ వాళ్ల భాషలో చెప్పింది. మగవాళ్లు తలలూపారు. పెద్దాయన మాత్రం పిల్ల చేత మళ్లీ మళ్లీ అడిగించాడు, సోమవారమే కదా, అంతకు ముందు కాదు కదా అని. భయపడుతున్నాడనుకుని, సోమవారమే, నేను కూడా వస్తాను అన్నాను.

ఎస్సై గారు శనివారం వచ్చాడు.

నేను పొయ్యి మీద పప్పు పెట్టి ఉన్నాను. జీపు సెంటరు ముందు ఆగింది. "ఎక్కమ్మా, పోదాం" అన్నాడు. సోమవారం కదా సారూ అంటే, "చెప్పిన రోజు పోతే అందరూ తల దువ్వుకుని కూసుంటరు. చెప్పని రోజు పోతేనే అసలు సంగతి తెలుస్తది" అన్నాడు. ఆయన పని ఆయనది. ఇప్పటికీ ఆ మాటలో తప్పు పట్టను. టీచరమ్మ నా చేతిలో గరిటె లాక్కుని, "పప్పు నేను చూస్త, పో జల్దీ" అంది. జీపు వెనక షాపాయన బండి మీద వచ్చాడు.

గుంపులోకి పోయి చూస్తే మగపురుగు లేదు.

ముసలివాళ్లు లేరు, వయసువాళ్లు లేరు. గుడిసెల్లో విల్లంబులు తగిలించే గూటాలు ఖాళీగా ఉన్నాయి. ఆడవాళ్లు వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. కంచెకు దారి వదిలిన గవిని దగ్గర ఆకులు కప్పిన కుండలు పెట్టి ఉన్నాయి. ఒక కానిస్టేబుల్ కర్రతో ఆకు తీసి చూసి, ముక్కు మూసుకుని ఎగిరి వెనక్కి పడ్డాడు. పేడ కలిపిన బురద నీళ్లు.

"మొగోళ్లు ఏరి?" అని ఎస్సై గారు అడిగాడు.

పిల్ల తల వంచుకుంది. "తెల్వదు."

"విల్లంబులు ఏవి?"

"తెల్వదు."

"ఎప్పుడొస్తరు?"

"తెల్వదు."

ఎస్సై గారు నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇంతవరకూ మర్చిపోలేదు. కోపం కాదు, జాలి. షాపాయన నా పక్కకు వచ్చి మెల్లగా, "నేను చెప్పలేదా అక్కా" అన్నాడు. వెక్కిరింపు లేదు.  తన మాట నిజమైనందుకు ఆయనకు సంతోషం కాలేదు, ఇంకా భయమైంది.

నేల మీద అడుగుల జాడ అడవిలోకి పోతోంది. ఎస్సై గారు కానిస్టేబుళ్లను తీసుకుని ఆ జాడ పట్టుకుని పోయాడు. దారులు తెలుసని షాపాయన కూడా వెంట పోయాడు.

వాళ్లు చెట్ల మధ్య కనబడకుండా పోయాక నేను ఆ పిల్ల జబ్బ పట్టుకున్నాను.

"నన్ను జైల్ల ఏపిస్తవా బిడ్డా? చెప్పు, దళంలకు పోయిండ్రా?"

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కాదు ఆయమ్మా. ఏటకు పోయిండ్రు. భూమి పండుగ."

అప్పుడు తెలిసింది నాకు. తొలి వాన పడితే వాళ్లు భూమికి పండుగ చేస్తారు. మగవాళ్లందరూ, లేవగలిగిన ప్రతివాడూ, వేటకు పోయి రావాలి. వేట పూర్తి కాకుండా భూమిలో విత్తనం పడకూడదు. మొన్న రాత్రి జల్లు పడింది కదా, పెద్దాయన రోజు పెట్టేశాడు. ఆదివారానికి అంతా అయిపోతుంది, సోమవారానికి అందరూ వచ్చి ఎస్సై గారి ముందు కూర్చోవచ్చు అనుకున్నారు. పెద్దాయన సోమవారమే కదా అని అన్నిసార్లు అడిగింది అందుకు!

"మరి సారుకు చెప్తే ఏమాయె? నోట్ల నాలుక లేదా?"

"ఏటంటే ఫారెస్టోళ్లు కేసు రాస్తరు. నిరుడు కుందేలు పట్టినందుకు ఒకాయన జైలుకు పోయిండు. చెప్తే ఏట కేసు. చెప్పకుంటే దళం. ఏది చెప్పాలె ఆయమ్మా? నువ్వైతే ఏది చెప్తవు?"

నేను ఆ పిల్ల జబ్బ వదిలాను. వెంటనే ఇంకో సంగతి తట్టింది. అడవిలో అటు నుంచి విల్లంబులు పట్టుకుని మగవాళ్లు వస్తున్నారు. ఇటు నుంచి తుపాకులు పట్టుకుని, దళం కోసం వెతుకుతూ పోలీసులు పోతున్నారు. పొద మలుపులో ఎదురుబడితే ఎవరు ఆగి ఎవరిని పేరు అడుగుతారు?

పరుగెత్తాను. మోకాళ్లు, నొప్పులు ఏవీ గుర్తు లేవు. వాగు పక్కన రాళ్ల గుట్ట ఎక్కి, నా గొంతు మొత్తం అడవి మీదికి వదిలాను.

"సారూ! ఏటకు పోయిండ్రు! ఏటకు పోయిండ్రు! కాల్చకుండ్రి!"

వెనక ఆ పిల్ల వచ్చింది. విల్లంబులు కింద పెట్టమని వాళ్ల భాషలో అరిచింది. ఆమె గొంతు సన్నం, చెట్ల దగ్గరే ఆగిపోయింది. "నాకు చెప్పు, నేను అరుస్త" అన్నాను. ఆ పిల్ల నా చెవిలో వాళ్ల మాటలు చెప్పింది. అర్థం నాకు తెలియదు, నోరు సరిగ్గా తిరిగిందో లేదో తెలియదు. ఒకసారి తెలుగు, ఒకసారి వాళ్ల భాష, మార్చి మార్చి అరిచాను. ఇన్నేళ్లు పిల్లలను అన్నానికి పిలిచిన గొంతు అది. ఇట్లా అరిచీ అరిచీ, ఇక గాలి తప్ప ఏమీ రాని దాకా అరిచాను. అప్పుడు కూర్చున్నాను.

తుపాకి చప్పుడు కోసం అందరం చెవులు పెట్టుకుని ఉన్నాం. రాలేదు. పిట్టలు కూస్తున్నాయి, అంతే.

ప్రాణం కొంచెం కుదుటపడ్డాక నాకు రెండో భయం మొదలైంది. వేట అని నేనే అరిచి చెప్పాను. ఇప్పుడు వాళ్లు జింకను భుజానేసుకుని వస్తే? ఊరి ముందు, పోలీసుల ముందు, అందరి మీదా కేసు. అప్పుడిక గుంపు ఉండదు. నేను కళ్లు మూసుకుని, తండ్రీ, ఈ ఒక్క రోజు వాళ్లకు ఏమీ దొరకనియ్యకు, ఉడత కూడా దొరకనియ్యకు అని ప్రార్థన చేస్తున్నాను. కళ్లు తెరిచి చూస్తే నా పక్కనే గుంపులో అందరికంటే ముసలి అవ్వ, నేలకు నుదురు ఆనించి ఏదో గొణుగుతోంది.

"అవ్వ ఏం మొక్కుతున్నది?" అని గుసగుసగా అడిగాను.

"ఏట బాగ దొరకాలె, పెద్ద జంతువు దొరకాలె అని" అంది పిల్ల.

ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఒకరికొకరం ఎదురు మొక్కుతున్నాం. ఎవరి మాట పైన వినిపిస్తుందో చూద్దామనుకున్నాను.

పొద్దు వాలుతుండగా అడవిలోంచి వరసగా మనుషులు కనబడ్డారు. ముందు పెద్దాయన, వెనక గుంపు మగవాళ్లు, మధ్య మధ్యలో ఖాకీ బట్టలు. విల్లంబులు కానిస్టేబుళ్ల చేతుల్లో ఉన్నాయి. తల మీద ఏమీ లేదు. భుజాల మీద ఏమీ లేదు. నేను ఒక్కొక్కడి చేతులే చూస్తున్నాను. ఖాళీ. ఖాళీ. ఖాళీ. మీరు నమ్మండి నమ్మకపోండి, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అప్పుడే ఆడవాళ్లందరూ లేచారు. కుండలు ఎత్తారు.

వాళ్ల ఆచారం ఏమిటో నాకు ఆ క్షణానికి గానీ తెలియలేదు. వేటకు పోయి ఉత్త చేతులతో వచ్చిన మగవాడికి గవిని దగ్గర పేడనీళ్ల స్నానం. మొదటి కుండ పెద్దాయన నెత్తి మీదే పడింది. ఆ తర్వాత ఎవరి మొగుడి మీద వాళ్లు, ఎవరి మరిది మీద వాళ్లు. తిట్లు, నవ్వులు, ఈలలు! మగవాళ్లు తలలు వంచుకుని నవ్వుతూ తడుస్తున్నారు. ఇంతసేపూ బిగుసుకుని కూర్చున్న ఆడవాళ్లు వీళ్లేనా అనిపించింది. వరసలో మధ్యలో నడుస్తున్న షాపాయన మీద కూడా ఒక కుండ పడింది. చొక్కా అంతా పచ్చగా అయిపోయి, తాళాల గుత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

వరస ఆఖర్లో ఎస్సై గారు. ఎదురుగా తెలుగు వచ్చిన పిల్ల కుండ ఎత్తి పట్టుకుని ఉంది. ఖాకీ చూసి చెయ్యి ఆగిపోయింది. నవ్వులు ఆగిపోయాయి. అవ్వ నడుం వంచుకుని వచ్చింది, ఆ కుండ లాక్కుంది, ఎస్సై గారి చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది, నోట్లో ఏదో అంది, కుండెడు పేడనీళ్లు టోపీ మీంచి బూట్ల దాకా కుమ్మరించింది.

 గుంపు, గుడిసెలు, నా నౌకరీ, అన్నీ ఆ కుండలోనే పోయాయనుకున్నాను.

ఎస్సై గారు కళ్లు తుడుచుకున్నాడు. "ఏమన్నది?" అని పిల్లను అడిగాడు.

పిల్ల, "అడివికి పోయి ఉత్త చేతులతోటి వస్తే ఎవ్వడైనా ఒకటే మొద్దూ, అన్నది" అంది. మొద్దు అన్నది అవ్వ కాదు, మిరప తోట మేస్త్రీ. కానీ ఆ సంగతి అప్పుడు ఎవరు చెబుతారు?

ఎస్సై గారు తన చేతుల వైపు చూసుకున్నాడు. పొద్దుటి నుంచి తుపాకుల కోసం, దళం కోసం, డంపుల కోసం అడవి అంతా తిరిగి వచ్చిన చేతులు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "అవ్! నిజమే! నేను గూడ ఉత్త చేతులతోనే వచ్చిన!" అన్నాడు. ఇక చూడండి, కానిస్టేబుళ్లు కూడా మిగిలిన కుండల ముందు తామే పోయి నిలబడ్డారు.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. మీసం మీంచి పేడనీళ్లు కారుతున్నాయి. "వెదురు పొదల దగ్గర ఎదురుబడ్డరమ్మా. మావోడు తుపాకి ఎత్తిండు. అప్పుడే నీ కేక వినిపించింది. వాళ్లు విల్లంబులు కింద పెట్టిండ్రు, మేం తుపాకి దించినం" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను ఏదో అందామంటే గొంతు రాలేదు.

"మరి ఏట కేసు, సారూ?" అని ఒక కానిస్టేబుల్ గుర్తు చేశాడు.

"ఏం దొరకనోని మీద ఏం కేసు రాస్తవు? బురద రాస్తవా?" అన్నాడు. మగవాళ్ల వైపు తిరిగి, వేట నేరమని, ఇంకోసారి పోవద్దని గట్టిగానే చెప్పాడు. మరుసటి ఏడు నుంచి వాళ్లు ఒక కోడిపుంజును చెట్ల మధ్య వదిలి, దాని వెంటబడి, అదే వేట అనుకుంటున్నారు. దాన్ని కూడా పట్టుకోలేక ఉత్త చేతులతో వచ్చేవాళ్లున్నారు. కుండలకు పని తప్పలేదు.

సోమవారం అన్న మాట ప్రకారం పోలీసులు మళ్లీ వచ్చారు. ప్రతి మగవాడూ ఉన్నాడు. ఫొటోలు తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, అన్నీ అడిగారు. ఎవరి మీదా ఏమీ తేలలేదు. ఊరి నుంచి జమానతు ఇద్దరు ఉండాలన్నారు. ఒకదాన్ని నేనున్నాను, వంకర టింకరగా నా సంతకం గీశాను. రెండోది ఎవరు అంటే మళ్లీ ఆ ఫ్యాను చప్పుడే వినిపిస్తుందనుకున్నాను. గుంపులో ఫ్యాను లేదు కాబట్టి అడుగుల చప్పుడు వినిపించింది.

షాపాయన వచ్చి పెన్ను తీసుకున్నాడు.

"నాకు ఇంకా భయమే అక్కా" అన్నాడు నాతో. "ఒక్క కుండ నీళ్లకు పోయే భయం గాదు. కానీ మా అన్నను తీస్కపోయిననాడు ఊరంత జూసింది. ఈ మనిషి నాకు తెలుసు, నా జమానతు అని ఒక్కలన్న అనలే. అంటే బతుకుతుండెనో లేదో. అనలే గదా."

సంతకం పెట్టాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. 

అన్నీ తీరిపోయాయని చెప్పను. ఫారెస్టు వాళ్లతో భూమి తగాదా ఇప్పటికీ ఉంది. ఎక్కడో ఏదో జరిగితే ఇప్పటికీ మొదట గుంపు వైపే చూస్తారు. కానీ గుడిసెలు అక్కడే ఉన్నాయి. పిల్లలు ఆన్‌లైన్లో ఎక్కారు, టీచరమ్మ గుడ్ల లొల్లి తప్పింది, తిట్టడానికి ఇంకో కారణం వెతుక్కుంది. ఆ తెలుగు వచ్చిన పిల్ల గుంపులోనే మినీ సెంటరులో పిల్లలను చూసుకుంటోంది. మీలో కొందరు ఆమెను మీటింగుల్లో చూసి ఉంటారు. మిమ్మల్ని మొద్దూ అంటే కోపం తెచ్చుకోకండి, అది ప్రేమ.

ఇక నా రిటైర్మెంటు రోజు. శాలువా కప్పారు, మాట్లాడారు, నేను ఏడ్చాను. చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని, మెట్లు దిగి బయటికి వచ్చాను. గేటు దగ్గర గుంపు ఆడవాళ్లందరూ నిలబడి ఉన్నారు. ముందు అవ్వ, ఇంకా వంగిపోయి. నా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. శాలువా టీచరమ్మ దగ్గర ఉంది. నా చేతుల్లో ఏమీ లేదు.

ఇది మగవాళ్లకే కదా, ఆడదాన్ని నేను, అనబోయాను. అవ్వ వినలేదు. కుండ ఎత్తింది.

ఎన్నిసార్లు ఉతికినా ఆ చీరకు పచ్చ మరక పోలేదు. ఆదివారం అదే కట్టుకుని చర్చికి పోయాను. పాస్టరమ్మ ఇప్పుడు బాగా ముసలిదైపోయింది, చూపు తగ్గింది, మరక మాత్రం కనబడింది.

"ఇదేంది, నిన్ను ఎవరు గిట్ల చేసిండ్రు?" అంది.

"నీ జమానతు బాకీ తీరిపోయిందమ్మా" అన్నాను. "వాళ్లు నాకు రెండో బాప్తిస్మం ఇచ్చిండ్రు."